మౌజర్ 98కి స్కోప్ బేస్ బెజ్జాలు: గరాజ్‌లో ఏ మిల్లింగ్ మెషీన్ పెట్టాలి?

ప్రశ్న:
ఉండేది టెక్సస్‌లో. సొంత వేట రైఫిల్ మౌజర్ 98కి స్కోప్ బేస్ (స్కోప్‌ని నిలబెట్టే దిమ్మ) బెజ్జాలు వేసి 6-48 మర (6 నంబరు స్క్రూకి, అంగుళానికి 48 చుట్లు) తీయాలి, బ్యారెల్ మీద ముందు సైట్‌కి డవ్‌టెయిల్ గాడి (అడుగున వెడల్పు, పైన ఇరుకు) కోయాలి. గరాజ్‌లో ఉన్నది 110 వోల్టుల లైనే. ఎక్స్2 రకం మినీ మిల్లు, గ్రిజ్లీ జీ0704, పాత బ్రిడ్జ్‌పోర్ట్: వీటిలో దేని మీద డబ్బు పెట్టమంటారు?

జవాబు 1:
మీ పనికి జీ0704 చాలండి. 110 మీదే నడుస్తుంది, కట్టర్‌ని తిప్పే స్పిండిల్‌కి ఆర్8 అనే కొలత టేపర్ ఉంటుంది. రేపు బ్రిడ్జ్‌పోర్ట్ కొన్నా ఇప్పటి కాలెట్లు (కట్టర్‌ని బిగించి పట్టే గొట్టాలు) అందులోకీ పనికొస్తాయి. ఎక్స్2 రకంలో హెడ్ లోపల ప్లాస్టిక్ గేర్లుంటాయి, కట్టర్ ఒక్కసారి పట్టేస్తే పళ్ళు ఎగిరిపోతాయి. హెడ్‌ని మోసే నిలువు కాలమ్ కూడా బలహీనం, డవ్‌టెయిల్ కట్టర్ వణికి గాడి గరుకుగా వస్తుంది.

బ్రిడ్జ్‌పోర్ట్ గట్టిదే, కానీ టన్ను దాకా బరువు. మూడు ఫేజుల మోటారుకి 220 లైనూ, ఇంటి కరెంటుని మూడు ఫేజులుగా మార్చే వీఎఫ్‌డీ కావాలి. చూడ్డానికి వెళితే టేబుల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. మధ్యలో వదులుగా, చివర్లలో బిగుతుగా ఉంటే అరిగిపోయిందన్నమాట.

జవాబు 2:
గుండ్రటి కాలమ్ ఉన్న మిల్లు మాత్రం చవగ్గా వచ్చినా వద్దండి. డ్రిల్ తీసి, మర కోసే ట్యాప్ పెట్టడానికి హెడ్ పైకెత్తారంటే అది పక్కకి తిరుగుతుంది, బెజ్జం కేంద్రం పోతుంది. బేసుల మధ్య 5 అంగుళాల దూరంలో 0.005 అంగుళం పక్కకి పోతే 100 గజాల దగ్గర 3.6 అంగుళాల తేడా.

ఎత్తు కూడా లెక్కేసుకోండి. వైస్, డ్రిల్ చక్, డ్రిల్ కలిసి చోటంతా తినేస్తాయి, అందుకే డ్రిల్‌ని కాలెట్‌లో పట్టండి. ఎండ్ మిల్‌ని (పక్కలతో కోసే కట్టర్) చక్‌లో పెట్టకండి, పక్క ఒత్తిడికి చక్ టేపర్ నుంచి ఊడి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
పొడుగు బ్యారెల్‌తో టేబుల్ మీద పట్టేదెలా? ట్యాప్ విరగకుండా ఏం చేయాలి?

జవాబు 3:
తూటా లేదని చూసి, బోల్టూ కొయ్యా విప్పేయండి. రిసీవర్‌ని (బ్యారెల్ బిగించి ఉండే, బోల్టు కదిలే భాగం) వైస్‌లో పట్టి, బ్యారెల్ కింద స్క్రూ జాక్ తాకీ తాకనట్టు పెట్టండి. జాక్‌ని గట్టిగా బిగిస్తే రిసీవర్ వంకరగా కూర్చుంటుంది. స్పిండిల్‌కి డయల్ ఇండికేటర్ కట్టి హెడ్ నిట్టనిలువుగా ఉందో లేదో చూసుకోండి.

మౌజర్ రిసీవర్‌కి పైపొర గట్టిది, మామూలు హైస్పీడ్ డ్రిల్ జారిపోతుంది. ముందు కార్బైడ్ స్పాట్ డ్రిల్, తరవాత 31 నంబరు డ్రిల్, అంటే 0.120 అంగుళం. టేబుల్ కదలకుండా లాక్ చేసి, అదే చోట స్పిండిల్‌లో స్ప్రింగ్ సెంటర్ (ట్యాప్‌ని నిటారుగా నొక్కి ఉంచే మొన) ఆనించి ట్యాప్‌ని చేత్తోనే తిప్పండి. సగం తిప్పు ముందుకి, పావు తిప్పు వెనక్కి, నూనె ధారాళంగా. రిసీవర్ ముందు వైపు రింగు కింద బ్యారెల్ మరలుంటాయి, డ్రిల్ బ్యారెల్‌లోకి దిగకూడదు. లోతుకి స్టాప్ పెట్టి, చివర బాటమింగ్ ట్యాప్ (బెజ్జం అడుగు దాకా మర కోసేది) వాడండి.

ఇక, సొంత తుపాకీ వరకూ సరే, డబ్బు తీసుకుని ఇతరులవి బాగుచేయాలంటే ఫెడరల్ లైసెన్సు ఉండాలి. ఇండియాలోనైతే 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద రిపేరు వ్యాపారానికీ లైసెన్సు తప్పదు.