తాతగారి సర్వే ఆఫీసు చరిత్ర రాయాలి, సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. మా తాతగారు హైదరాబాద్‌లో భూముల సర్వే, లేఅవుట్లు చేసే చిన్న ఆఫీసు నడిపారు. నాన్న కూడా అదే పని చేశారు. ఇప్పుడది మూతపడింది. రెండు ట్రంకు పెట్టెల నిండా కొలతల పుస్తకాలు, నక్షాల ట్రేసింగులు, ఉర్దూలో ఉన్న టిప్పన్లు (భూముల కొలతలు రాసిన పాత నక్షాలు) మిగిలాయి. 66 అడుగుల గొలుసు కూడా ఉంది. (సగం గొలుసు పొడవు, అంతే వెడల్పు ఉంటే ఒక గుంట అని తాతగారే నేర్పారు.)

ఆ ఆఫీసు కథ రాయాలని నా కోరిక. 1908 మూసీ వరద తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, 1975లో హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ), 2008లో దాని స్థానంలో హెచ్‌ఎండీఏ వచ్చాయి. హుడా కాలంనాటి లేఅవుట్ ఫైళ్లు చూడాలంటే ఎక్కడ, ఎలా అడగాలి? పాత ఉర్దూ రాత చదివిపెట్టేవారు ఎవరైనా ఉన్నారా? ట్రేసింగులు మడతల దగ్గర చిరుగుతున్నాయి, అదే పెద్ద టెన్షన్. స్కాన్ చేసేలోపు వాటిని ఎలా కాపాడాలో దయచేసి ముందు అది చెప్పండి.