అప్‌డేట్: సెల్ఫ్ కొడితే ఫిష్ ఫైండర్ ఆగిపోయే సమస్య తీరింది

నా పడవ ఇంజిన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఫిష్ ఫైండర్ (నీటి కింద చేపల్ని చూపించే పరికరం), జీపీఎస్ ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతున్నాయని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

బ్యాటరీ పాడవలేదు. సెల్ఫ్ మోటార్ ఒక్కసారిగా భారీ కరెంట్ లాగడంతో వోల్టేజ్ 10 వోల్టుల కిందకు పడిపోతోంది. మీటర్ పెట్టి చూస్తే స్పష్టంగా కనిపించింది. అందుకే ఇంజిన్‌కి పాత బ్యాటరీ ఉంచేసి, ఎలక్ట్రానిక్స్‌కి విడిగా 12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టాను.

సైజు లెక్క ఇలా వేశాను: ఫిష్ ఫైండర్, జీపీఎస్, లైట్లు, రేడియో కలిపి సగటున 4 ఆంపియర్లు. పది గంటలకు 40 ఆంపియర్ అవర్లు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా దెబ్బతింటుంది కాబట్టి దాంట్లో అయితే కనీసం 80 కావాలి. లిథియంలో 50 సరిపోయింది, బరువూ బాగా తగ్గింది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. లిథియం బ్యాటరీని ఆల్టర్నేటర్‌కి (ఇంజిన్ తిరుగుతుంటే కరెంట్ తయారుచేసేది) నేరుగా కలపొద్దు. అది ఎక్కువ కరెంట్ లాగి ఆల్టర్నేటర్‌ని వేడెక్కించేస్తుంది. మధ్యలో కరెంట్‌ని అదుపులో ఉంచి బ్యాటరీకి పంపే డీసీ-డీసీ చార్జర్ ఉండాలి. బ్యాటరీ ప్లస్‌కి దగ్గరగా ఫ్యూజ్ కూడా తప్పనిసరి.

చార్జ్ ఎంత మిగిలిందో వోల్టేజ్ చూసి చెప్పలేం, లిథియంలో అది చివరిదాకా దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకని షంట్ (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంట్‌ని కొలిచే భాగం) ఉన్న బ్యాటరీ మానిటర్ బిగించాను. ఇప్పుడు టెన్షన్ లేదు.