కంటి కింద చెంప ఎముక మీద పియర్సింగ్: సర్ఫేస్ బారా, డెర్మల్ యాంకరా?

సూదిమొన

"ముఖం మీద సర్ఫేస్ పియర్సింగ్ ఎలాగూ నిలవదు, చర్మం తోసేస్తుంది, పెట్టుకుంటే డెర్మల్ యాంకరే పెట్టుకోండి" అనే సలహా తరచూ వినిపిస్తోంది. (డెర్మల్ యాంకర్ అంటే ఒకే రంధ్రంలోంచి చర్మం కింద పాదం పెట్టి, పైన ఒక్క బిళ్ళ కనిపించేలా చేసేది.) దీంతో నాకు గట్టి పేచీ ఉంది. నేనంటున్నది యాంటీ ఐబ్రో గురించి, అంటే కంటి కింద చెంప ఎముక మీద ఏటవాలుగా రెండు బిళ్ళలు కనిపించేలా పెట్టేది.

చెవితమ్మెకు కుడితే సూది ఇటు దూరి అటు తేలుతుంది. సర్ఫేస్ పియర్సింగ్‌లో దూరే చోటూ తేలే చోటూ ఒకే చదును మీద ఉంటాయి, మధ్యలో చర్మం కింద సొరంగం ఉంటుంది. ఆ సొరంగంలో కనుబొమకు వాడే వంపు బార్‌బెల్ (రెండు కొనలకూ పూసలుండే వంగిన కడ్డీ) పెట్టారనుకోండి, దాని కొనలు ఏటవాలుగా బయటికొస్తాయి. చదునుగా ఉండాలని చూసే చర్మానికీ వంగిన లోహానికీ పొసగక, సొరంగం పైకప్పు మీద రాత్రింబవళ్ళు ఒత్తిడి పడుతుంది. శరీరం లోహం కింద కొత్త కణజాలం పేర్చుకుంటూ దాన్ని కొంచెం కొంచెంగా పైకి నెడుతుంది. తోసేయడమంటే ఇదే.

సర్ఫేస్ బార్ అలా ఉండదు. స్టేపుల్ పిన్నును వెల్లకిలా పెట్టినట్టు అడుగు చదునుగా, రెండు కాళ్ళు 90 డిగ్రీల్లో నిటారుగా ఉంటాయి. కాళ్ళు చర్మంలోంచి నిలువుగా లేస్తాయి కాబట్టి పైకప్పు మీద లాగుడు తక్కువ. నిలవలేదని ఎవరైనా అంటే మొదట అడగాల్సింది "ఏ బార్ పెట్టారు" అని. ఉప్పునీళ్ళు ఎన్నిసార్లు కొట్టారన్నది ఆ తర్వాత.

ఒంటికాలు

సూదిమొన గారూ, వంపు బార్‌బెల్ విషయంలో మీతో వాదన లేదు. కానీ సరైన సర్ఫేస్ బార్ పెట్టినా ఆ చోట ఒక చిక్కు మిగులుతుంది: చెంప కదులుతుంది. నవ్వినప్పుడు చెంప పైకి లేస్తుంది, కళ్ళు చికిలించినప్పుడు కంటి చుట్టూ కండరం ముడుచుకుంటుంది. రెండు రంధ్రాల మధ్య దూరం మారుతూనే ఉంటుంది, బార్ పొడవు మాత్రం మారదు. ఆ తేడాను ప్రతిసారీ చర్మమే భరించాలి.

యాంకర్‌కు ఒకటే రంధ్రం. అడుగున 6–7 మి.మీ. పొడవున్న పాదం, దానికి చిల్లులు. కొన్ని వారాల్లో కణజాలం ఆ చిల్లుల్లోంచి పెరిగి పట్టుకుంటుంది. రెండు యాంకర్లు పెడితే చూడ్డానికి అదే జత, కానీ దేని దారి దానిది. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. సర్ఫేస్ బార్‌కు మానడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడితే, యాంకర్ ఒకటి నుంచి మూడు నెలల్లో కుదురుకుంటుంది.

పక్కు_గిల్లకండి

ఇద్దరూ కొలతల దగ్గరికి రాకుండానే తీర్పులిస్తున్నారు. రెండు రకాలూ పాడయ్యేది ఎక్కువగా గుర్తు పెట్టే అయిదు నిమిషాల్లోనే.

గుర్తు పెట్టేటప్పుడు మనిషి నిటారుగా కూర్చోవాలి. పడుకోబెట్టి పెడితే చెంప చెవి వైపు జారుతుంది, లేచాక చుక్కలు ఇంకో చోటికి పోతాయి. ముఖం వదులుగా ఉంచి పెట్టిన చుక్కల్ని నవ్వించి, కళ్ళు చికిలింపజేసి మళ్ళీ చూడాలి. చుక్కలు బాగా దగ్గరైనా, మధ్యలో మడత పడినా ఆ చోటు పనికిరాదు. కాస్త బయటికి, కణత వైపు జరపాలి. కళ్ళద్దాలుంటే పెట్టుకుని నవ్వి చూడాలి. ఫ్రేము కింది అంచు బిళ్ళకు తగిలితే ఎంత శుభ్రం చేసినా ఆ పుండు మానదు. ఇది చాలామంది మరచిపోతారు.

తర్వాత చర్మాన్ని బొటనవేలితో, చూపుడువేలితో పట్టి ఎత్తి చూడాలి. వేళ్ళ మధ్యకు రాకుండా ఎముకకు అతుక్కుని ఉంటే సర్ఫేస్ బార్ మాట మరచిపోవడమే.

బార్ మందం 14 గేజ్, అంటే 1.6 మి.మీ. 16 గేజ్ (1.2 మి.మీ.) కంటికి నాజూగ్గా ఉంటుంది కానీ, బిగించిన సన్నదారం వేలిని కోసినట్టు చర్మాన్ని కోసుకుంటూ పైకొస్తుంది. ఈ చోట పొడవు సాధారణంగా 10 నుంచి 14 మి.మీ., కాళ్ళ ఎత్తు 2–3 మి.మీ. కాలు పొట్టిదైతే మొదటి వారం వాపులో బిళ్ళ చర్మంలోకి కూరుకుపోతుంది. మరీ ఎత్తైతే దేనికి తగిలినా మీటలా పనిచేసి లోపలి బార్‌ను తిప్పుతుంది. పైన 3 మి.మీ. చదును బిళ్ళే మంచిది. గుండ్రటి పూస తువ్వాలుకీ చొక్కా మెడకీ చిక్కుకుంటుంది.

లోతు కూడా అంతే ముఖ్యం. పైపైన పోతే లోహం నీడ నీలంగా కనిపిస్తుంది, అది ఎప్పటికైనా బయటపడేదే. మరీ లోతుకు పోతే వంపులు చర్మం అంచు దగ్గర కూర్చోవు, బిళ్ళలు లోపలికి లాక్కుంటాయి.

టైటానియం_మాత్రమే

ఒక్క మాట చేర్చాలి. ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియం (శరీరం లోపల అమర్చడానికి పనికొచ్చే రకం), ఏఎస్‌టీఎం ఎఫ్136 ప్రమాణానిది, అని రాతపూర్వకంగా చూపిస్తేనే ఒప్పుకోండి. "సర్జికల్ స్టీల్" అన్న మాటకు ఖచ్చితమైన అర్థం లేదు, అందులో నికెల్ ఉంటుంది. మర లోపల ఉండేదో, అసలు మర లేనిదో తీసుకోండి. బయటి మర ఉన్న బార్‌ను పచ్చి సొరంగంలోంచి లాగడమంటే ఆకురాయితో గీకినట్టే. సూది ఒకసారికే వాడేది కావాలి, పనిముట్లు ఆటోక్లేవ్‌లోంచి (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) మూసిన సంచిలో రావాలి. పియర్సింగ్ గన్ బయటికి తీస్తే లేచి వచ్చేయండి.

చర్మశాస్త్రం

నేను రెండు పక్షాలకూ కాస్త అడ్డం నిలబడతాను. కంటి రెప్ప చర్మం శరీరంలోకెల్లా పల్చన, దాదాపు అర మి.మీ. ఉంటుంది. "కంటికి ఇంకాస్త దగ్గరగా" అని అడిగేవాళ్ళు రెప్ప చర్మంలోకి వచ్చేస్తారు. అక్కడ బార్‌ను గానీ యాంకర్‌ను గానీ పట్టుకునే పొరే లేదు. కంటిగుంట కింది అంచు ఎముకను వేలితో తడిమి, దానికి కిందా బయటా ఉండాలి. కంటిపాప నుంచి నిట్టనిలువుగా దిగే గీత మీద, ఆ అంచుకు ఒక సెంటీమీటరు లోపే చెంపకూ పై పెదవికీ స్పర్శనిచ్చే నరం ఎముకలోంచి బయటికొస్తుంది. ఆ గీతకు దూరంగా ఉండాలి.

కంటి చుట్టూ చర్మం వదులు కాబట్టి వాపు, కమిలిన నలుపు ఎక్కువే కనిపిస్తాయి. మూడు నుంచి అయిదు రోజుల్లో వాపు తగ్గాలి. తగ్గకుండా ఎరుపు పాకుతుంటే, పచ్చటి చిక్కని చీము వస్తుంటే, జ్వరం తగిలితే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. కన్ను తిప్పితే నొప్పి, చూపు మసక, రెప్ప తెరవలేనంత వాపు ఉంటే గంటల లెక్కలో ఆసుపత్రికి వెళ్ళాలి. ముఖం మధ్యభాగంలోని సిరలకు కంటి వెనక నుంచి మెదడు పక్కనున్న సిరల గూటితో సంబంధం ఉంది. ఇన్ఫెక్షన్ అలా ఎక్కడం అరుదే కానీ, ఎక్కితే ప్రాణాంతకం. అందుకే చీమును పిండకూడదు. చీము ఉండగా బార్‌ను సొంతంగా తీయకూడదు. రంధ్రాలు మూసుకుని చీము లోపలే చిక్కుకుంటుంది.

కెలాయిడ్ మచ్చలు (గాయం హద్దు దాటి ఉబ్బి పెరిగేవి) వచ్చే తత్వం ఉన్నవాళ్ళకి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి, ఆ చోటే మొటిమలున్నవాళ్ళకి ఏ రకమూ వద్దనే చెప్తాను.

సూదిమొన

@ఒంటికాలు, కదలిక విషయం ఒప్పుకుంటాను, అందుకే బయటికి జరపాలన్న మాటతో ఏకీభవిస్తున్నాను. కానీ యాంకర్‌ను తీయడం సంగతి మీరు చెప్పలేదు. బార్‌కైతే ఒక బిళ్ళ విప్పి, నేర్పున్నవాళ్ళు వంపు వెంట తిప్పి బయటికి తీస్తారు. యాంకర్ చిల్లుల్లో కణజాలం పెరిగాక దాన్ని వేళ్ళతో వదులు చేసి ఎత్తాలి, కుదరకపోతే చిన్న గాటు పెట్టాలి. ఎంఆర్ఐ తీసేముందు అవసరమైనప్పుడు అది చిన్న విషయం కాదు. పైగా రెండు యాంకర్లంటే ముఖం మీద రెండు వేర్వేరు మచ్చల అవకాశం. ఒక్క పాదమే ఆధారం కాబట్టి తువ్వాలు గట్టిగా చిక్కుకుంటే మొత్తం ఊడొస్తుంది.

ఒంటికాలు

తీయడం కష్టమన్నది నిజమే, దాన్ని దాచి యాంకర్ పెట్టించకూడదు. అయినా చర్మం వేళ్ళకు అందని సన్నటి ముఖాలకు మీ దగ్గర జవాబేమిటి? అక్కడ యాంకరో, లేదా అసలు వద్దో, అంతే.

సూదిమొన

అక్కడ "వద్దు" అనే నా జవాబు. కోరిక ఉన్నంత మాత్రాన చోటు దొరకదు.

పక్కు_గిల్లకండి

సంరక్షణ గురించి అడిగినవాళ్ళ కోసం. 0.9 శాతం ఉప్పున్న స్టెరైల్ సెలైన్ స్ప్రే, రోజుకు రెండుసార్లు. ఇంట్లో కలిపిన ఉప్పునీళ్ళు దాదాపు ఎప్పుడూ గాఢమై చర్మాన్ని ఎండగడతాయి. మెత్తబడిన పక్కును గాజ్‌తో తుడవండి. దూది పోగులు బార్ కాలికి చుట్టుకుంటాయి, వద్దు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, టీ ట్రీ ఆయిల్, జిడ్డు ఆయింట్‌మెంట్ ఏదీ వద్దు. బార్‌ను తిప్పకండి, తిప్పిన ప్రతిసారీ లోపల అల్లుకున్న కొత్త చర్మం తెగుతుంది. పల్చటి తెల్లటి రసి, అది ఎండి కట్టే పక్కు కొన్ని వారాల పాటు మామూలే.

ఆ వైపు పడుకోకండి. దిండుగలీబు తరచూ మార్చండి. ఫేస్‌వాష్, సన్‌స్క్రీన్, మేకప్ రంధ్రాల దరిదాపుకు రానివ్వకండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు పైకి మానినట్టు కనిపిస్తుంది. చాలామంది అజాగ్రత్త పడేది సరిగ్గా అప్పుడే. లోపలి సొరంగం ఇంకా పచ్చిగానే ఉంటుంది.

కొత్త_చుక్క

నాలుగో నెలలో బార్ మీది చర్మం ఎర్రగా, పొట్టు లేస్తూ ఉంటే ఇంకొన్నాళ్ళు సెలైన్‌తో ఆగి చూడొచ్చా?

సూదిమొన

ముందు కొలవండి. ఈ రోజు రెండు రంధ్రాల మధ్య దూరం స్కేలుతో చూసి, అదే వెలుతురులో ఫొటో తీసి, వారం తర్వాత మళ్ళీ చూడండి. దూరం మారక, ఎరుపు ఒక్క రంధ్రం దగ్గరే ఉంటే అది ఒరిపిడి కావచ్చు. ఏది తగులుతోందో వెతకండి. దూరం తగ్గుతున్నా, రంధ్రాలు సాగి కాలు కనిపిస్తున్నా, పైచర్మం పల్చబడి లోహం మెరుస్తున్నా వారం దాకా కూడా ఆగకండి. రంధ్రాల మధ్య 6 మి.మీ. కంటే తక్కువ చర్మం మిగిలిందంటే నిలిచే ఆశ లేదు. ఇప్పుడు తీయిస్తే రెండు చుక్కల మచ్చ, చీల్చుకుని వచ్చేదాకా ఆగితే పొడుగాటి గీత.

చర్మశాస్త్రం

తీశాక రంధ్రాలు పూర్తిగా మూసుకునేదాకా సెలైనే. ఆ తర్వాత కొన్ని నెలలు సిలికాన్ జెల్, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్. మళ్ళీ పెట్టించుకోవాలనిపిస్తే అదే మచ్చలోంచి వద్దు.