మెడికల్ కాలేజీ లైబ్రరీకి డబ్బులొస్తే ముందు దేనికి: కొత్త సెర్చ్ టూల్‌కా, స్టాఫ్ ట్రైనింగ్‌కా?

అసిస్టెంట్ లైబ్రేరియన్, ఉత్తరాంధ్ర (చర్చ మొదలుపెట్టినవారు)

మా మెడికల్ కాలేజీలో ఈసారి లైబ్రరీకి కొంత డబ్బు కేటాయించారు. కమిటీలో సగం మంది డిస్కవరీ టూల్ కొనమంటున్నారు. అంటే ఒకే పెట్టెలో టైప్ చేస్తే పుస్తకాలు, జర్నల్స్, పాత థీసిస్‌లు అన్నీ కలిపి చూపించే సాఫ్ట్‌వేర్. మిగతావాళ్లు ముందు లైబ్రరీలో ఉన్న మా ముగ్గురికీ సరైన ట్రైనింగ్ ఇప్పించమంటున్నారు. నేను రెండో పక్షం.

పోయిన నెల జరిగింది చెప్తాను. కమ్యూనిటీ మెడిసిన్ పీజీ ఒకబ్బాయి సాయంత్రం ఐదున్నరకి వచ్చాడు. థీసిస్ ప్రోటోకాల్ ఇవ్వడానికి నాలుగు రోజులే ఉంది. "ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పబ్‌మెడ్‌లో పెద్దగా ఏమీ లేదు మేడం" అన్నాడు. పబ్‌మెడ్ అంటే వైద్య పరిశోధన పేపర్లు వెతికే వెబ్‌సైట్. స్క్రీన్ చూస్తే "ఉద్దానం నెఫ్రోపతీ" అని ఇంగ్లీషులో, కొటేషన్ గుర్తుల మధ్య కొట్టి ఉంది. ఆ గుర్తులు పెడితే పబ్‌మెడ్ మన మాటకి దగ్గరి పదాలు వెతకడం మానేసి, ఉన్నది ఉన్నట్టే వెతుకుతుంది. ముందు అవి తీశాం. ఉద్దానం స్పెల్లింగ్‌లో హెచ్ అక్షరం ఉన్నదీ లేనిదీ రెండూ వేశాం. తర్వాత "కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి"కి ఇంగ్లీషులో వాడే పేరు, దాని పొట్టి పేరు సీకేడీయూ కలిపాం. ఇలాంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో ఉంది. ఎల్ సాల్వడోర్, నికరాగ్వా చెరకు తోటల్లోనూ ఉంది, అక్కడ దాన్ని మీసోఅమెరికన్ నెఫ్రోపతీ అంటారు. అవన్నీ "ఆర్" పెట్టి (వాటిలో ఏ ఒక్కటి ఉన్నా చూపించు అని) కలిపేసరికి ఆ అబ్బాయి కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

గంట పట్టింది. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఊళ్లలో డయాలసిస్‌కి తిరిగే ఇళ్లు ఎన్నో చూసినదాన్ని. "పెద్దగా ఏమీ లేదు" అన్న మాటతో ఆ పిల్లాణ్ణి పంపించేయడం నాకు చేతకాలేదు. కానీ నాకిది ఎవరూ నేర్పలేదు, కిందా మీదా పడి నేర్చుకున్నాను. మిగతా ఇద్దరికీ రాదు. ఎంత ఖరీదైన టూల్ కొన్నా, ఆ కొటేషన్ గుర్తులు తీయమని పిల్లలకి ఎవరు చెప్తారు?

లైబ్రరీ సిస్టమ్స్ చూసేవాణ్ణి, హైదరాబాద్

మేడం, మీరు చేసింది గొప్ప పని. అయినా నేను ఒప్పుకోను. ఆ అబ్బాయి ఐదున్నరకి వచ్చాడు కాబట్టి మీరు దొరికారు. పీజీలకి ఖాళీ దొరికేది డ్యూటీ అయ్యాక, రాత్రి ఒంటిగంటకి, హాస్టల్ గదిలో. అప్పుడు వాళ్లకి దిక్కు టూల్ ఒక్కటే.

ఇంకో సంగతి. కేంద్ర ప్రభుత్వం జర్నల్స్‌కి చందా కట్టే పథకం, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, 2025 జనవరిలో మొదలైంది. 30 మంది ప్రచురణకర్తలవి, దాదాపు 13,000 జర్నల్స్ ప్రభుత్వ కాలేజీలకి అందుబాటులోకి వచ్చాయి. మూడేళ్లకి 6,000 కోట్లు. అంత సొమ్ము పెట్టి తెచ్చినవి పిల్లల కంటికి కనపడకపోతే ఏం లాభం? పబ్లిషర్‌కో వెబ్‌సైట్, సైట్‌కో లాగిన్. రెండో లాగిన్ దగ్గరే విసుగొచ్చి గూగుల్‌కి పోతారు. ఒకే పెట్టె కావాలనడం బద్ధకం కాదండి, అవసరం.

ఫార్మకాలజీ అధ్యాపకురాలిని

2001లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో జరిగింది నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. ఆస్తమా పరిశోధనలో వాలంటీర్‌గా చేరిన 24 ఏళ్ల అమ్మాయికి హెక్సామిథోనియం అనే మందు పీల్పించారు. ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయింది. పరిశోధకుడు పబ్‌మెడ్ వెతికాడు. కానీ అప్పట్లో అందులో 1966 నుంచి వచ్చినవే ఉండేవి. ఆ మందుతో ఊపిరితిత్తులకి ముప్పని చెప్పిన పేపర్లు 1950ల నాటివి. ఆ జూలైలో అమెరికా ప్రభుత్వం తన నిధులతో అక్కడ మనుషులపై జరుగుతున్న పరిశోధనలని కొన్ని రోజులు ఆపేయించింది.

ఆ అమ్మాయి వయసు మా పీజీల కంటే చిన్నది. ఇది చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది.

సిస్టమ్స్, హైదరాబాద్

మేడం, అది టూల్‌లో ఉన్న లోటే కదా? పాత పేపర్లు అందులో ఉంటే దొరికేవి. అంటే టూల్ బాగుచేయాలనేగా అర్థం.

ఫార్మకాలజీ అధ్యాపకురాలిని

లోటు టూల్‌దే, ఒప్పుకుంటాను. కానీ "నా దగ్గర 1966కి ముందువి లేవు" అని ఆ పెట్టె తనంతట తాను చెప్పదు. ఆ సంగతి తెలిసిన మనిషి పక్కన ఉంటే చెప్తారు. మీరు కొనమంటున్న ఒకే పెట్టెకీ ఇదే వర్తిస్తుంది: అది ఏం చూపించడం లేదో ఎవరికి తెలుసు?

సెకండియర్ పీజీ

నా అనుభవం చెప్పొచ్చా? ఏఐ చాట్‌ని అడిగి రివ్యూకి రిఫరెన్సులు తెచ్చుకున్నాను, తప్పు నాదే. గైడ్ సార్ రెండు పేపర్ల ఫుల్ టెక్స్ట్ తెమ్మన్నారు. ఎంత వెతికినా దొరకలేదు. టెన్షన్‌తో లైబ్రరీ కౌంటర్‌కి వెళ్తే "కంప్యూటర్ సంగతి మాకు తెలీదు, ఐటీ వాళ్లని అడుగు" అన్నారు. అవి అసలు లోకంలోనే లేని పేపర్లని మూడు రోజుల తర్వాత ఒక సీనియర్ చెప్పాడు. పేపర్ పేరు పబ్‌మెడ్‌లో కొట్టి చూడమని, జర్నల్ సంచిక విషయసూచిక తెరవమని ఆ రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

రిటైర్డ్ మెడికల్ లైబ్రేరియన్

బాబూ, ఆ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లని తప్పు పట్టకు. కాంట్రాక్టు మీద వేసి, పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం వరకే నేర్పి ఉంటారు.

మా కాలంలో పెట్టె లేదు. ఇండెక్స్ మెడికస్ అని వైద్య పేపర్ల సూచిక లావుపాటి సంపుటాలుగా వచ్చేది, 2004 దాకా అచ్చయింది. జబ్బుని ఏ శీర్షిక కింద పెట్టారో తెలియకపోతే పేజీ తిప్పడమే దండగ. అందుకని 1960 నుంచి వస్తున్న మెష్ శీర్షికలు, అంటే ఒక్కో జబ్బుకీ విషయానికీ ఖాయం చేసిన పేర్లు, మాకు నోటికొచ్చేవి. ఇప్పుడు హార్ట్ ఎటాక్ అని కొడితే పబ్‌మెడ్ తనే మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్ కింద వెతుకుతుంది. సంతోషమే. అయితే 2022 నుంచి మెడ్‌లైన్‌లో (పబ్‌మెడ్‌లోని ప్రధాన పేపర్ల జాబితాలో) ఆ శీర్షికలు తగిలించే పని కూడా ప్రోగ్రామ్‌కే అప్పగించారు, మనుషులు అన్నీ చూడరు, కొన్నే సరిచూస్తారు. కాబట్టి శీర్షిక ఒక్కదాన్నే నమ్మకుండా, టైటిల్‌లోనూ సారాంశంలోనూ వచ్చే మామూలు మాటలతోనూ వెతకాలి. ఇవాళ లైబ్రేరియన్‌కి రావలసిన విద్య ఇది.

ట్రైనింగ్ అంటే మాత్రం రెండు రోజుల వర్క్‌షాప్, గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్ అనుకోకండి. అవి నా దగ్గర ఫైలు నిండా ఉన్నాయి. వారానికో గంట ఒక డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి కూర్చుని, వాళ్ల నిజమైన ప్రశ్న వెతికి పెట్టాలి. చెయ్యి అలా తిరుగుతుంది.

అసిస్టెంట్ లైబ్రేరియన్, ఉత్తరాంధ్ర

సార్, మీ గంట మాట పట్టుకుంటాను. సిస్టమ్స్ వారు చెప్పిన రాత్రి ఒంటిగంట సంగతీ నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కమిటీకి ఇలా రాసిస్తున్నాను: కొనేముందు ఆ టూల్ నెల రోజులు ట్రయల్‌కి తీసుకుందాం. మా పీజీలు నిజంగా అడిగిన పది ప్రశ్నలు దానికీ వేద్దాం, మేమూ పబ్‌మెడ్‌లో విడిగా వెతుకుదాం. ఏది దేన్ని వదిలేసిందో పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆ నెలలోనే మిగతా ఇద్దరూ నా పక్కన కూర్చుని నేర్చుకుంటారు.

సిస్టమ్స్, హైదరాబాద్

దీనికి ఒప్పుకుంటాను. ట్రయల్‌లో "ఫలితాలు సున్నా" వచ్చిన వెతుకులాటల లిస్టు కంపెనీని అడిగి తీసుకోండి. పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో అందులో కనపడుతుంది.

సెకండియర్ పీజీ

మేడం, ఆ పదింట్లో నాదొకటి పెట్టండి. పాడేరు వైపు గిరిజన పిల్లల్లో సికిల్ సెల్. నాకు మళ్లీ మళ్లీ ఆ నాలుగు పేపర్లే వస్తున్నాయి.