అప్‌డేట్: వేగస్ ఉచిత గది లెక్క తేలింది
లాస్ వేగస్ కేసినోల్లో వీడియో పోకర్ (మెషీన్ మీద డబ్బు పెట్టి ఆడే పేకాట) ఆడితే ఇచ్చే ఉచిత గది, బఫే మా బావగారికి గిట్టుబాటేనా అని పోయిన నెల అడిగాను కదా. ఆయన నిన్నే వైజాగ్ తిరిగొచ్చారు. పే టేబుల్ (ఏ ముక్కలు పడితే ఎంత ఇస్తారో మెషీన్ మీద చూపే పట్టిక) చూడమన్నవాళ్ల సలహాతోనే విషయం తేలింది, చాలా థాంక్స్.

జాక్స్ ఆర్ బెటర్ అనే రకం వీడియో పోకర్‌లో ఫుల్‌హౌస్‌కి (ఒకే అంకెవి మూడు, మరో అంకెవి రెండు ముక్కలు) పందెానికి 9 రెట్లు, ఫ్లష్‌కి (అయిదూ ఒకే గుర్తువి) 6 రెట్లు ఇచ్చే మెషీన్‌లో తప్పుల్లేకుండా ఆడితే సగటున 99.54 శాతం తిరిగొస్తుంది. ఈయన ఆడింది 8, 5 ఇచ్చేది, అందులో 97.3 శాతమే. గంటకి 600 ఆటలు, ఆటకి 1.25 డాలర్లు, 12 గంటలు. మొత్తం పందెం 9,000 డాలర్లు. సగటు నష్టం 243, అదే 9, 6 మెషీన్‌లో 41! ఉచితంగా వచ్చిన గది, తిండి విలువ కలిపినా 160 దాటలేదు, అంటే గిట్టుబాటు కాలేదు.

ఎంత ఆడామో లెక్కపెట్టడానికి కేసినో ఇచ్చే మెంబర్ కార్డు మెషీన్‌లో పెడితే ముక్కలు మారతాయన్న నా అనుమానం మాత్రం వట్టిదే, దానికీ పంపకానికీ సంబంధం లేదు. ఈసారి గదికి డబ్బు కట్టేస్తానన్నారు, అక్క మనసు కుదుటపడింది.