ఫాల్గుణ పున్నమికి తుంబురు తీర్థం: మాలో ఒకడికి నడక అలవాటే లేదు, ఏం చేయాలి?

గిరింపేట కుర్రాడు, చిత్తూరు:
అన్నలకు, అక్కలకు నమస్తే. ఈసారి ముక్కోటికి, అంటే ఫాల్గుణ పున్నమి నాటి తీర్థ ఉత్సవానికి, నలుగురం తిరుమల అడవిలోని తుంబురు తీర్థం పోదామనుకుంటున్నాం. నేను అలిపిరి మెట్లు రెండుసార్లు ఎక్కినాను, అంతే. మా వాడొకడు 95 కిలోలు, ఆఫీసు కుర్చీ, ఇంట్లో సోఫా తప్ప వాడికి వేరే లోకం లేదు. వాణ్ని తీసుకుపోవచ్చా? ముక్కోటి రోజు జనం ఎక్కువంటున్నారు కదా, ఒక వారం ముందే పోయి వచ్చేస్తే? చిరుతల టెన్షన్ కూడా ఉంది.

కొర్లగుంట అన్న:
వారం ముందు అనే మాటే వద్దు తమ్ముడూ. అది శేషాచలం అడవి. ఎర్రచందనం దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ వాళ్లు తిరుగుతుంటారు, అనుమతి లేకుండా దొరికితే సరదాకి వచ్చామంటే వినరు. కోడూరు పక్క కుక్కలదొడ్డి నుంచి తీసుకుపోతాం అనే వాళ్లుంటారు, వాళ్ల మాట వినొద్దు. ముక్కోటికి టీటీడీ, అటవీశాఖ కలిసి దారి వదుల్తారు. మజ్జిగ, అన్నప్రసాదం పెడతారు, సిబ్బంది ఉంటారు. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా వదిలేదీ ముందుగా ప్రకటిస్తారు, అది చూసుకుని బయల్దేరండి. చిరుతల సంగతంటావా, ఆ జనం మధ్యకి అది రాదు. అయినా 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడికి పాప పోయినప్పటి నుంచి నేను ఒక్కటే చెప్తాను: ఎవరూ వెనకబడి ఒంటరిగా నడవకూడదు, ఫోటోల కోసం పొదల్లోకి దూరకూడదు.

మంగాపురం అక్క:
నేను మూడుసార్లు పోయొచ్చాను. పాపవినాశనం దాకా బస్సు ఉంటుంది, అక్కణ్నుంచి ఏడు కిలోమీటర్ల దాకా నడక. ఏడే కదా అనుకుంటారు. రోడ్డు మీద ఏడు వేరు, ఇది వేరు. మొదట ఎక్కుడు, తర్వాత లోయలోకి దిగుడు, చివర్లో వాగులో బండల మీద అడుగులు. కొండ నిలువునా రెండుగా చీలినట్టుంటుంది, ఆ చీలిక మధ్యలోనే మనం పోవాలి. చూడ్డానికి ఎంత బాగుంటుందో, పాచి పట్టిన రాయి మీద కాలు పెడితే అంత పని చేస్తుంది. అసలు కష్టం మాత్రం తిరుగు దారిలో. పొద్దున దిగినదంతా మధ్యాహ్నం ఎండలో ఎక్కాలి, అప్పటికి కాళ్లలో సత్తువ ఉండదు.

మీ వాడి విషయం. గుండె జబ్బు, ఆయాసం, స్థూలకాయం ఉన్నవాళ్లు రావద్దని ప్రకటనలోనే చెప్తారు. కాబట్టి ముందు డాక్టరుకు చూపించండి. ఆయన సరేనంటే శ్రీవారి మెట్టు ఎక్కించండి, 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల చిల్లర. మాట్లాడుతూ ఎక్కగలుగుతున్నాడా, ప్రతి పది మెట్లకీ కూలబడుతున్నాడా చూడండి. పైకెక్కి బస్సులో దిగొద్దు, నడిచే దిగండి. ఎక్కేటప్పుడు ఊపిరి సంగతి తెలుస్తుంది, దిగేటప్పుడు తొడలు, మోకాళ్ల సంగతి తెలుస్తుంది. దిగుడులో తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది, అందుకే మర్నాడు ఆ నొప్పి. రెండు మూడు వారాలు అలవాటు చేస్తే చాలా తగ్గుతుంది. ఆ రోజు వాణ్నే ముందు నడిపించండి, మీరు వాడి వెనకాల. వెనక వదిలేస్తే మిమ్మల్ని అందుకోవాలని ఉరికి ఉరికి పడతాడు.

ఇంకో మాట, బూట్లు. రెండోసారి పోయినప్పుడు మా మరిది అటక మీదున్న ఖరీదైన బూట్లు దించుకొచ్చాడు. నాలుగేళ్లు వేసుకోలేదు, కొత్తవాటిలా మెరుస్తున్నాయి. సగం దారిలో ఒక సోల్ అట్టముక్కలా ఊడొచ్చింది, కాసేపటికి రెండోది. వాడకుండా ఉంచినా లోపలి ఫోమ్ తేమకి పొడైపోతుందని అప్పుడే తెలిసింది. నా చున్నీ చించి కట్టుకుని ఇల్లు చేరాడు. ఆ చున్నీ సంగతి ఇంకా తేలలేదు లెండి. అలాగని నిన్న కొన్న బూట్లూ వద్దు, బొబ్బలు ఖాయం. వేసి వేసి పాదానికి అలవాటైనవి, అడుగున గీతలు అరగనివి చాలు.

పీలేరు మామ:
నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదే. తిరుమలలో ప్లాస్టిక్ బాటిళ్లు వద్దంటారు, మనిషికో స్టీలు బాటిల్ పట్టండి. ఉత్త నీళ్లే తాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు. ఓఆర్ఎస్ పొడి లీటరు నీళ్లకి ఒక పొట్లం, తక్కువ నీళ్లలో కలపొద్దు. బ్యాగు బరువు తగ్గించండి. పులిహోర పొట్లం, ఒక తువ్వాలు, మారు సాక్సులు, టార్చి. పన్నెండు దాటితే ఎక్కడున్నా వెనక్కి తిరగండి, తీర్థం అర కిలోమీటరే ఉన్నా సరే. నేనొకసారి అట్లా తిరిగొచ్చాను, మరుసటి ఏడాది పోయి చూశాను.

గిరింపేట కుర్రాడు:
డాక్టరు సరేనన్నారు. నిన్న ఆదివారం మెట్టుకి పోయొచ్చాం అక్కా. మా వాడు మెల్లగానే ఎక్కాడు, మాటలు మాత్రం ఆపలేదు. ఈరోజు పొద్దున ఫోన్ చేసి కుర్చీలో కూర్చోలేక నిలబడి పని చేస్తున్నా అంటున్నాడు. నాదీ అదే పరిస్థితి, వాడికి చెప్పలేదు.

మంగాపురం అక్క:
బుధ, గురువారాలకు తగ్గిపోతుంది. వచ్చే ఆదివారం మళ్లీ పోండి, దిగేటప్పుడు పక్కకి తిరిగి దిగకుండా నేరుగా, చిన్న అడుగులు వేయమనండి. బూట్లు చూశారా?

గిరింపేట కుర్రాడు:
చూశాను. అటక మీదవే.