రాజమండ్రి గోదావరి గట్టు: ఇద్దరం, ఒక్క రోజు, ఏది ముందు ఏది వెనక?

కృష్ణాతీరం:
డిసెంబరు మొదటి వారంలో ఒక శనివారం నేనూ నా స్నేహితురాలూ తెల్లవారే రైలుకి రాజమండ్రిలో దిగుతున్నాం. తిరుగు రైలు రాత్రి తొమ్మిదిన్నరకి. చూడాలనుకున్నవి: ఘాట్లు, ధవళేశ్వరం బ్యారేజీ, కాటన్ మ్యూజియం, హేవ్‌లాక్ వంతెన మీద నడక, కందుకూరి ఇల్లు, పట్టిసీమ, కడియం నర్సరీలు. భోజనంలో పులస చేప. తను ఫొటోలు తీస్తుంది, ఎండలో ఎక్కువసేపు తిరగలేదు. ఏవి ఉంచుకోమంటారు, ఏవి వదిలెయ్యమంటారు?

గోదారిగట్టు:
పట్టిసీమ తీసెయ్యండి. అది ఏటి మధ్య గుడి. వంతెన దాటి అవతలి గట్టున ఎగువకి పోవాలి, ఆ తర్వాత పడవ కోసం ఆగాలి. సగం రోజు దానికే సరిపోతుంది. కడియం కూడా మొక్కలు కొనుక్కునేవాళ్లకే. రైల్లో కుండీలు మోసుకెళ్లరు కదా.

మిగిలినవాటిని వెలుతురును బట్టి సర్దుకోండి. ఊరు నదికి తూర్పు గట్టున ఉంది. పొద్దున సూర్యుడు మీ వీపు వెనక ఊళ్లోంచి లేస్తాడు కాబట్టి వంతెనల మీద వెలుగు తిన్నగా పడుతుంది. ఆర్చి వంతెన కాంక్రీటు కమానులు, హేవ్‌లాక్ రాతి స్తంభాల అతుకులు స్పష్టంగా కనిపించేది ఆరున్నర నుంచి ఎనిమిది దాకా. సాయంత్రం ఇదే చోట సూర్యుడు ఎదురుగా నీళ్లలోకి దిగుతాడు, అప్పుడు వంతెనలు నల్లటి గీతల్లా వస్తాయి. రెండు రకాల ఫొటోలూ కావాలంటే గట్టుకి రెండుసార్లు రావాల్సిందే. డిసెంబరులో అయిదున్నర లోపే పొద్దుగూకుతుంది, కాబట్టి అయిదింటికల్లా ఘాటులో ఉండండి. తర్వాత పుష్కర ఘాటులో హారతి చూసుకుని వెళ్లొచ్చు.

హేవ్‌లాక్ మీద నడక లెక్కలో పెట్టుకోవద్దు. 1900లో తెరిచిన వంతెన అది, 1997లో రైళ్లు ఆపేశారు. పర్యాటక కేంద్రంగా మార్చే పనికి 2025లో శంకుస్థాపన జరిగింది. గట్టు మీంచే చూడండి. దాని పని అందుకున్న ఆర్చి వంతెనలో ఒక్కో కమాను పొడవు 97.55 మీటర్లు, అలాంటివి 28. పైన రోడ్డు, కింద రైలు ఉండే వంతెన 1974 నాటిది. రోడ్డు ఇరుకు, ఫొటో కోసం దాని మీద బండి ఆపకండి.

ఇంకో మాట. మీ రైలు గోదావరి స్టేషన్‌లో ఆగుతుందేమో చూసుకోండి. విజయవాడ వైపు నుంచి వస్తే వంతెన దిగగానే అదే వస్తుంది, గట్టుకి దగ్గర. చాలా రైళ్లు అక్కడ ఆగకుండా రాజమండ్రి మెయిన్ స్టేషన్‌కి పోతాయి.

లాకుసూరీడు:
పైన చెప్పిన వరస సరిగ్గా ఉంది. తొమ్మిదింటికల్లా ధవళేశ్వరం బయల్దేరండి. ఊరికి దిగువన ఏడెనిమిది కిలోమీటర్లు, ఆటోలో వెళ్లిపోవచ్చు. ముందు మ్యూజియం, తర్వాత బ్యారేజీ. ఆనకట్ట నమూనా చూశాక వెళ్తే నది ఎలా చీలిందో అర్థమవుతుంది. తిన్నగా బ్యారేజీ ఎక్కితే గేట్ల వరస తప్ప ఏమీ తెలియదు.

అది ఒక్క గోడ కాదండీ. నడుమ లంకలున్నాయి కాబట్టి నాలుగు ముక్కలుగా కట్టారు: ధవళేశ్వరం 70 గేట్లు, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. మొత్తం 175. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో అయ్యింది. వెనక నీళ్లు నిలిచి ఉండబట్టే వేసవిలోనూ రాజమండ్రి ఘాట్లలో నీరుంటుంది.

ఇది జులై, ఆగస్టుల్లో చదివేవాళ్లకి: బయల్దేరేముందు ధవళేశ్వరం నీటిమట్టం చూడండి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక ఎగరేశారంటే పడవ షికారు ఆశ వదులుకోండి, మెట్లు దిగొద్దు.

డిసెంబరులో ఆ భయం లేదు గానీ, నీటి అంచున ఉన్న మెట్టుకి నాచు పడుతుంది. కెమెరా చూసుకుంటూ వెనక్కి అడుగు వేసేవాళ్లే జారుతారు. తడిసి పచ్చగా కనిపించే మెట్టుకి రెండు మెట్లు పైనే నిలబడమనండి.

పాళీ:
ఎండపూట పన్నెండు నుంచి నాలుగు దాకా నీడపట్టున గడిపేయండి. కందుకూరి ఇల్లు, 1890 నాటి ఆయన టౌన్‌హాలు, గౌతమీ గ్రంథాలయం అన్నీ ఊళ్లోనే. గ్రంథాలయానికి తప్పకుండా వెళ్లండి. వాసురాయ, రత్నకవి గ్రంథాలయాలు కలిసి ఏర్పడింది, తాళపత్రాలు కూడా ఉన్నాయి. దారిలో రోజ్ మిల్క్ తాగితే కోవా వేసినది అడగండి.

పులస సంగతి: సముద్రంలో ఉన్నంతసేపూ అది విలస. వరద రోజుల్లో ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాకే పులస. బ్యారేజీ దాటి పైకి రాలేదు. డిసెంబరులో పులస అని వడ్డిస్తే అది ఐసులో దాచినదో, వేరే చోటి విలసో అయ్యుంటుంది. ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఆ డబ్బుతో కోటగుమ్మం దగ్గర రత్నం పెన్ను ఒకటి కొనండి. 1932 నుంచి చేత్తో చేస్తున్నారు, 1935లో గాంధీ మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఎబొనైటు (గట్టి రబ్బరు) పెన్నుల్లో డ్రాపరుతో బారెల్‌లోకే సిరా పోసే రకం కొంటే రెండు జాగ్రత్తలు. తిప్పి బిగించే మరల మీద కాస్త సిలికాన్ గ్రీజు రాయండి, లేకపోతే అతుకు దగ్గర వేళ్లకి అంటుతుంది. సిరా సగానికి దిగాక మళ్లీ నింపేయండి. లోపల గాలి ఎక్కువైతే చేతి వేడికి అది వ్యాకోచించి పాళీ నుంచి చుక్క రాలుతుంది. ఆ రాత్రి రైల్లో మాత్రం ఖాళీ పెన్నే తీసుకెళ్లండి.

కృష్ణాతీరం:
పట్టిసీమ, కడియం, పులస తీసేశాం. పొద్దున ఘాటు, తొమ్మిదికి ధవళేశ్వరం, మధ్యాహ్నం గ్రంథాలయం, అయిదుకి మళ్లీ ఘాటు. రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం కూడా చేర్చొచ్చా?

గోదారిగట్టు:
చేర్చండి, గట్టుకి దగ్గరే. మూడున్నరకి లోపలికి వెళ్తే శిల్పాలు చూసుకుని అయిదుకి తీరిగ్గా ఘాటుకి నడిచి రావచ్చు. రాష్ట్ర మ్యూజియాలకి మామూలుగా శుక్రవారం సెలవు, మీది శనివారం కాబట్టి ఇబ్బంది లేదు.